రేవు క్లబ్బు మర్యాద గీతం

మా రేవు క్లబ్బు ఫుట్‌బాల్ జట్టును మేము ఏనాడూ పొగడలేదు. ఈ ముక్క మొదటే చెప్పేయడం మంచిది. తరవాత జరిగిన ప్రభుత్వ కార్యక్రమాలన్నీ ఈ ఒక్క లోపాన్ని సరిదిద్దడానికే జరిగాయి.

మేము వేట మీద బతికేవాళ్ళం. వల పైకి రాకముందే "అబ్బో, ఎంత బరువుందో" అన్నవాణ్ణి మా పడవల్లో రెండోసారి ఎక్కించుకోరు. పసిబిడ్డ మరీ ముద్దొస్తే "ఛీ, కోతి మొహం" అంటాం. బాగున్నదాన్ని బాగుందని అన్నామంటే దిష్టి తగిలి తీరుతుంది. అందుకని పొగడ్త పరాయివాళ్ళకి, తిట్టు మనవాళ్ళకి. గ్రౌండులోనూ ఇదే పద్ధతి. హార్బరు తవ్వినప్పుడు పోసిన మట్టి, గ్రౌండుకు తూర్పున పెద్ద గట్టై కూర్చుంది. ఆదివారం సాయంత్రం మా పేటంతా ఆ గట్టెక్కి, ప్రాణం పెట్టుకున్న జట్టును నోరారా తిట్టి ఇంటికి పోయేది.

తిట్టడమంటే ఎవడికి తోచింది వాడు అరవడం కాదు, దానికో వరస ఉంది. వల లాగేటప్పుడు ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్ళు బదులు పలుకుతారు చూడండి, అలాగన్నమాట. మా గట్టు మీద అందుకునే మనిషి మైలపిల్లి పోలమ్మ. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ వీధిలో అరిస్తే పై వీధిలో కత్తిపీటలు బయటికొచ్చే గొంతు ఆవిడది. గోలు కీపరు సూరాడ బండియ్య ఆవిడకు స్వయానా అన్న కొడుకు. మేనల్లుణ్ణి తిట్టడానికి మేనత్తకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"బండిగా, ఓరి బండిగా, కూడు తిన్నావేటిరా?"

"తిన్నాడూ! తిన్నాడు!" అని గట్టు.

"తిన్న కూడు ఏటయిపోనాదిరా?"

"కొవ్వయిపోనాది! కొవ్వయిపోనాది!"

ఈ మాట చెవిన పడితే చాలు, బండియ్య నడుం వంచి చేతులు చాచేవాడు. ఆ చేతులు దాటి బంతి పోవడం చాలా కష్టం.

బండియ్యకు ఈ ఆట తప్ప మరో దిక్కు లేదని కూడా చెప్పాలి. వేటగాళ్ళ ఇంట పుట్టాడు గానీ వాడికి సముద్రం పడదు. పడవెక్కాడా, ఒడ్డు కనపడుతుండగానే కక్కుకుంటాడు. వాళ్ళ నాన్న మంత్రం వేయించాడు, అల్లం నమిలించాడు, చివరికి తన్నాడు కూడా. కక్కు ఆగలేదు. ఫుట్‌బాల్ పుణ్యమా అని హార్బరు వాళ్ళు టెంపరరీ ఉద్యోగం ఇచ్చారు. క్లబ్బు ఈ ఏడాది కూడా పై డివిజన్లో నిలబడితే ఆటగాళ్ళను పర్మనెంటు చేస్తామన్నారు. కింది డివిజన్‌కి జారితే ఎవరి దారి వాళ్ళది. తక్కినవాళ్ళకి దారంటే సముద్రం. బండియ్యకు అదీ లేదు.

అలాంటి సమయంలో మా మునిసిపాలిటీ ప్రత్యేకాధికారి చిదంబరరావు గారు విదేశం నుంచి తిరిగొచ్చారు.

ఆయన వెళ్ళింది మురుగునీటి పారుదల అధ్యయనానికి. ఒక సాయంత్రం పనేమీ లేక అక్కడివాళ్ళు ఫుట్‌బాల్ మ్యాచికి తీసుకెళ్ళారట. స్టేడియంలో జనమంతా ఒక్కసారిగా లేచి, మెడలోని ఉన్ని కండువాలు రెండు చేతులా పైకెత్తి, ఒకే గొంతుతో క్లబ్బు పాట పాడారట. చిదంబరరావు గారికి కళ్ళ నీళ్ళొచ్చాయి. మురుగు సంగతి అక్కడే వదిలేసి పాట సంగతి మోసుకొచ్చారు. మా పేట మురుగు ఇప్పటికీ ఆయన కోసం ఎదురు చూస్తూనే ఉంది.

వచ్చిన ఆదివారమే ఆయన మా గట్టు తనిఖీకి వేంచేశారు. పోలమ్మ అప్పటికే మంచి ఊపు మీద ఉంది.

"సేతులా అయ్యి, సిల్లుల వలా?"

"వలే! వలే!"

చిదంబరరావు గారు చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. "ఎవరా స్త్రీ? స్వపక్ష క్రీడాకారుని బహిరంగముగా కించపరచుచున్నారే!"

హార్బరు వర్క్‌షాపులో గుమస్తాను కావడంతో ఆఫీసర్ల పక్కన నిలబడి జవాబు చెప్పే అలవాటు నాకుంది. "ఆ కుర్రాడి మేనత్తేనండి" అన్నాను.

"బంధుత్వము ఉపశమన కారణం కాజాలదు" అన్నారాయన.

వారం తిరక్కుండా ప్రేక్షక ప్రోత్సాహ ప్రమాణీకరణ సంఘం ఏర్పడింది. అందులో ప్రజాప్రతినిధిగా నన్ను వేశారు. గట్టు మీద ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే అవడం తప్ప నాకు వేరే అర్హత లేదు. మొదటి సమావేశంలో రెండు తీర్మానాలు జరిగాయి. ఒకటి, స్వపక్ష దూషణ నిషేధం. రెండు, క్లబ్బుకు ఒక మర్యాద గీతం.

గీతం రాసే పని ఒక పండితుడికి అప్పగించారు. ఆయన జన్మలో ఫుట్‌బాల్ చూసినవాడు కాదు. "బంతిని ఏం చేస్తారు?" అని అడిగారు. తంతారని చెప్పాను. "తన్నడం అమంగళం. ఆ ప్రస్తావన రాకుండా చూస్తాను" అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆరు చరణాల గీతంలో కాలన్న మాట లేదు, బంతన్న మాట లేదు. నాలుగో చరణం మాత్రం పూర్తిగా గోలు కీపరుకే కేటాయించారు.

"అభేద్య ప్రాకార సన్నిభ రక్షక సార్వభౌమా,
అజేయ బాహుదండ మండిత మహోన్నత ధామా..."

పోలమ్మ గొంతు బాగుంటుంది కాబట్టి ఆవిడే ప్రధాన గాయనిగా ఉండాలని చిదంబరరావు గారు పెద్ద మనసుతో నిర్ణయించారు. రిహార్సల్ కమ్యూనిటీ హాల్లో పెట్టారు. నాలుగో చరణం దాకా పోలమ్మ ఎలాగో లాక్కొచ్చింది. అక్కడ ఆగి నా వైపు తిరిగింది.

"బాబూ, ఇది తిట్టా, పొగడ్తా?"

"పొగడ్తే."

"ఎవుల్ని?"

"మీ బండియ్యనే. వాణ్ణి మించినవాడు లేడని అర్థం."

పోలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కకు తిరిగి తూ తూ అని ఉమ్మింది. "మా అన్నకి ఒక్కగానొక్క గుంటడు బాబూ. ఆ ఉద్యోగం ఒకటి కుదిరితే పెళ్ళి సేద్దారనుకుంతన్నాం. మీరందరూ కలిసి ఆణ్ణి ఏటి సేద్దారనుకుంతన్నారు?"

"ఇది మూఢవిశ్వాసం" అన్నారు చిదంబరరావు గారు.

"అవును బాబూ, మా విస్వాసమే" అని ఆవిడ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి గట్టు మీద ఆవిడ పక్కన ఒక ఆడ కానిస్టేబుల్ కూర్చోవాలని ఉత్తర్వు వచ్చింది. పోలమ్మ ఆట చూడొచ్చు, నోరు తెరవకూడదు.

గీతం మొదటిసారి పాడిన ఆదివారం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఏప్రిల్ ఎండ. అందరి మెడలోనూ ప్రభుత్వం పంచిన ఉన్ని కండువాలు. ఆట సగానికి రాకముందే ఇద్దరు ముసలాళ్ళు సొమ్మసిల్లారు. ఆ కండువాల విలువ మా ఆడవాళ్ళకు మర్నాడు తెలిసింది. చేపల పెట్టెకు చుడితే ఐసు సాయంత్రం దాకా కరగలేదు. ఆ పథకంలో పేదవాడికి అందిన లబ్ధి అదొక్కటే.

మేము గోలు కొట్టాం. నిబంధన ప్రకారం గోలు కొట్టినప్పుడల్లా గీతం పాడాలి. గీతం జరుగుతున్నంతసేపూ స్థానిక క్రీడాకారులంతా నిటారుగా, కదలకుండా నిలబడాలి. మావాళ్ళు నిలబడ్డారు. అవతలి జట్టు స్థానికం కాదు కాబట్టి వాళ్ళకా నిబంధన లేదు. వాళ్ళు బంతి మధ్యలో పెట్టుకుని, తీరుబడిగా నడుచుకుంటూ వచ్చి, రెండో చరణంలో ఒక గోలు, మావాళ్ళ వంతు కూడా వాళ్ళే అందుకుని అయిదో చరణంలో ఒక గోలు కొట్టుకున్నారు. రెండోది బండియ్య చెవి పక్కనుంచే పోయింది. వాడు రెప్ప వేయలేదు.

"ఏమి క్రమశిక్షణ!" అన్నారు చిదంబరరావు గారు. "ఒక్కరంటే ఒక్కరు కదలలేదు!"

కోచ్ విక్టర్ బాబు లబలబలాడితే, తరవాతి మ్యాచి నుంచి ఆటగాళ్ళకు కదిలే సడలింపు ఇచ్చారు. లాభం లేకపోయింది. నాలుగో చరణం మొదలవగానే బండియ్య కాళ్ళు వణికేవి. తనను అంత అన్యాయంగా పొగుడుతుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు! పసిపిల్లాడు దొర్లించినట్టు వచ్చిన బంతిని కాళ్ళ మధ్యనుంచి వదిలేశాడు. పై వారం దిష్టి తీయడానికి గోలుపోస్టుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకున్నాడు. ప్రభుత్వ స్థలంలో అనుమతి లేని నిర్మాణమని వాటిని తొలగించారు.

ఆ తరవాత 'అప్రయత్న ధ్వనులు' సంఘం దృష్టికి వచ్చాయి. అంటే బంతి గోలు అంచున తగిలినప్పుడు జనం నోట వచ్చే అయ్యో, అబ్బా, ఓరి నీ లాంటివి. వీటికి ఏకరూపత లేదని తేలింది. అందరూ ఒకేసారి, ఒకే శ్రుతిలో అనాలంటే ముందుగా సిద్ధం కావాలి. అందుకని చిదంబరరావు గారు కోచ్‌ను పిలిపించారు.

"గోలు ఏ నిమిషమున సంభవించునో మాకు ఒక వారం ముందుగా తెలియపరచవలెను."

"అది మాకే తెలీదండి" అన్నాడు విక్టర్ బాబు. "తెలిస్తే మేవెందుకు ఇలాగుంటావండి?"

"ప్రణాళికా లోపం" అని రాసుకున్నారు ఆయన. "పోనీ, అవతలి జట్టును అడిగి తెలుసుకొనుడు."

ఇంతలో ఆడిట్ వాళ్ళ అభ్యంతరం వచ్చిపడింది. ప్రజాధనంతో రాయించిన గీతం ఒక్క జట్టునే పొగడడం పక్షపాతం కిందికి వస్తుందట. ప్రేక్షకులు ఇరు జట్లనూ సమానంగా ప్రశంసించవలెనని, అందుకు ఎవ్వరూ అడ్డు చెప్పరాదని సవరణ చేశారు. ప్రజాప్రతినిధిని కాబట్టి ఆ సవరణను నేనే గట్టు మీద నిలబడి చదివి వినిపించాను. ఎవరూ పట్టించుకున్నట్టు కనపడలేదు. అప్పటికి మేము వరసగా ఓడి ఓడి డివిజన్ అడుగుకు చేరుకున్నాం. చివరి మ్యాచిలో కనీసం సమంగా నిలిస్తే పైన ఉంటాం, ఓడితే జారిపోతాం. జనానికి ఆ దిగులు తప్ప మరోటి లేదు.

చివరి మ్యాచి కొండదిగువ మిల్లు జట్టుతో. రాష్ట్రస్థాయి ఉత్తమ సభ్యతాయుత ప్రేక్షక పురస్కారానికి మా గట్టు పేరు పంపారు చిదంబరరావు గారు. న్యాయనిర్ణేతలు రాజధాని నుంచి వచ్చి పందిట్లో, గ్రౌండుకు వీపు పెట్టి, గట్టు వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళు చూడవలసింది మమ్మల్నే మరి.

ఆట ఒకటీ ఒకటిగా సాగింది. చివరి నిమిషంలో మా బ్యాక్ కుర్రాడు అవతలి వాణ్ణి కాలడ్డం పెట్టి పడేశాడు. పెనాల్టీ. బంతి గోలుకు ఎదురుగా పెట్టారు. తన్నడానికి తొమ్మిదో నంబరు వాడు వచ్చాడు. మంచి పొడగరి, ఆ ఏడాది ఒక్క పెనాల్టీ కూడా తప్పనివాడు. గోల్లో బండియ్య ఒక్కడూ నిలబడ్డాడు. వాడి పెళ్ళీ, వాడి కూడూ అన్నీ ఆ ఒక్క తన్ను మీద ఉన్నాయి. వాడు గట్టు వైపు చూశాడు. అత్త నోటి నుంచి ఒక్క మాట రాలితే చాలని వాడి మొహంలో రాసి ఉంది.

"నాలుగో చరణం!" అని చిదంబరరావు గారు చెయ్యెత్తారు.

పోలమ్మ లేచి నిలబడింది. కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుంది.

"తిట్టను తల్లీ, ఒగ్గు. పొగుడుతాను. అవతలోళ్ళని కూడా పొగడాలని, అడ్డు సెప్పకూడదని ఈ బాబే సదివినాడు" అని నన్ను చూపించింది.

కానిస్టేబుల్ నా వైపు చూసింది. నేను చిదంబరరావు గారి వైపు చూశాను. ఆయన మొహం వెలిగిపోయింది. "నిబంధన ఉన్నది! అవశ్యం పొగడవచ్చును!"

పోలమ్మ కొంగు నడుముకు చుట్టి, తొమ్మిదో నంబరు వాడి మీద చూపు నిలిపి అందుకుంది.

"ఎవులు కన్న బిడ్డో గానీ, ఎంత సక్కనోడో!"

గట్టు ఒక్క క్షణం తెల్లబోయింది. తరవాత విషయం అర్థమై, ఇన్ని వారాల ఉక్రోషంతో బదులిచ్చింది. "సక్కనోడూ! సక్కనోడు!"

"ఆ కాలు సూడండ్రా, అరటిబోదె!"

"అరటిబోదే! అరటిబోదే!"

"ఇలాటి కాలు ఈ రేవులోన పుట్టనేదు!"

"పుట్టనేదు! పుట్టనేదు!"

"ఇంతవరకూ తప్పనేదు, ఇక మీదట తప్పడు!"

"తప్పడూ! తప్పడు!"

తొమ్మిదో నంబరు వాడిదీ ఈ తీరమే. వాళ్ళమ్మ వాణ్ణీ కోతి మొహమనే పెంచి ఉంటుంది. వాడు మొదట నవ్వాడు, తరవాత మెడలో తాయెత్తు తడుముకున్నాడు. వంగి తన కాలిని చూసుకున్నాడు, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. దిష్టి ఉందో లేదో నాకు తెలియదు గానీ, గట్టెడు జనం ఏకకంఠంతో మన కాలు గురించే మాట్లాడుతుంటే ఏ కాలైనా వణకవలసిందే. వాడు పరిగెత్తుకొచ్చి తన్నాడు. బంతి గోలు మీదుగా, గ్రౌండు గోడ మీదుగా పోయి రోడ్డవతల ఐసు ఫ్యాక్టరీలో పడింది. బండియ్య నేల మీద కూలబడి ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. చిదంబరరావు గారు కూడా ఏడ్చారు, అయితే వేరే కారణానికి.

"ప్రత్యర్థిని సైతం ఇంత మనసారా ప్రశంసించిన ప్రేక్షకులు ప్రపంచములో ఎక్కడున్నారు!" అన్నారాయన. న్యాయనిర్ణేతలు అవునవునన్నారు. తమ వెనక బంతి ఎటు పోయిందో వాళ్ళు చూడలేదు. పురస్కారం మాకే వచ్చింది.

పురస్కారంతో పాటు నిధులు వచ్చాయి. అవి గానానికి వచ్చిన నిధులు కాబట్టి గానానికే వాడాలి. గ్రౌండు 'ప్రోత్సాహ గాన ప్రాంగణం' అయింది. రోజూ సాయంత్రం రిహార్సల్. పక్కన ప్రాక్టీసు జరుగుతుంటే బంతి చప్పుడుకు గాయకుల ఏకాగ్రత చెడుతోందని ఫిర్యాదు వచ్చింది. సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"జనులు వచ్చునది ప్రోత్సహించుటకు. ప్రోత్సాహమునకు ఆట వలన అంతరాయము కలుగుచున్నది" అన్నారు చిదంబరరావు గారు.

"ఆట లేకపోతే ఎవర్ని ప్రోత్సహిస్తామండి?" అన్నాను నేను.

"ఇరు పక్షముల ప్రేక్షకులు ఒకరినొకరు ప్రోత్సహించుకొందురు" అన్నారాయన.

అలాగే జరిగింది. పై ఏడు లీగు యథావిధిగా నడిచింది, బంతి మాత్రం లేదు. మధ్యలో ఖాళీ గ్రౌండు, ఈ పక్క మేము, ఆ పక్క వాళ్ళు. ఉన్ని కండువాలెత్తి చరణం చరణం పాడుకుని, చేతులు కలుపుకుని ఇళ్ళకు పోయాం. ఎవరూ ఓడలేదు, అందుచేత ఎవరూ తిట్టుకోలేదు. వేరే జిల్లాల వాళ్ళు చూసి నేర్చుకోవడానికి బస్సుల్లో వచ్చారు.

ఆటగాళ్ళకు అన్యాయం జరిగిందని అనడానికి వీల్లేదు. క్లబ్బు పై డివిజన్లోనే ఉంది గనక హార్బరు వాళ్ళు మాట తప్పలేదు. అందరూ పర్మనెంటు అయ్యారు. ఆట లేదు కాబట్టి ఎవరి అనుభవాన్ని బట్టి వాళ్ళకు తత్సమానమైన పని చూపించారు. బండియ్య అనుభవం బంతుల్ని ఆపడంలో. అందుకని వాణ్ణి ప్రాంగణానికి వాచ్‌మన్‌గా వేశారు. లోపలికి బంతి రాకుండా చూడడమే ఉద్యోగం.

నెల తిరిగేసరికి వాడికి ఖాకీ చొక్కా వచ్చింది, సంబంధం కూడా కుదిరింది. ఒక ఆదివారం నేనూ పోలమ్మా రిహార్సల్‌కి ముందుగా వచ్చి గట్టు మీద కూర్చున్నాం. రోడ్డవతల ఐసు ఫ్యాక్టరీ పనివాళ్ళు డ్యూటీ దిగి, ఖాళీ స్థలంలో బంతాడుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు గట్టిగా తన్నితే బంతి గోడ దాటి లోపలికి వచ్చింది. బండియ్య గేటు దగ్గర కర్ర పారేసి పరిగెత్తాడు. గాల్లోకి ఎగిరి, పక్కకు వాలి, రెండు చేతులా బంతిని అందుకుని నేల మీద దొర్లాడు. వాడు ఆడిన రోజుల్లో కూడా అలాంటి పట్టు నేను చూడలేదు. ఉత్తర్వు ప్రకారం బంతిని ఆఫీసు గదిలో పడేసి తాళం వేశాడు. గోడ అవతల పనివాళ్ళు కాసేపు బతిమాలి, విసుక్కుని వెళ్ళిపోయారు.

వాడు చొక్కా దులుపుకుంటూ గట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు. తలెత్తి చూశాడు.

పోలమ్మ కొంగు సర్దుకుంది. తరవాత మెల్లగా, పరాయి ఆడమనిషి మాట్లాడినట్టు అంది. "ఎంత బాగా పట్టినావు నాయినా. నీ అంతటోడు ఇంకెవుడూ నేడు."

బండియ్య మొహం పాలిపోయింది.

"అలాగ అనకే అత్తా" అన్నాడు. "ఒక్క మాట తిట్టే."

"అమ్మో, గవర్మెంటు బాబుని తిడతానేటి?" అని పోలమ్మ కండువా మెడలో వేసుకుంది. ఈలోగా పేటంతా గట్టెక్కింది, కింద హార్మోనియం మొదలైంది. మేమందరం లేచి నిలబడ్డాం.